విడాకులు ఒక ప్రశ్న, పిల్లల కస్టడీ ఇంకో ప్రశ్న: చట్టం రెండింటినీ ఎలా చూస్తుంది

"తప్పు భార్యదైతే పిల్లలు భర్తకే." "ఐదేళ్లలోపు తల్లికి, ఐదు దాటితే తండ్రికి." "కొడుకు తండ్రికి, కూతురు తల్లికి." "ఉద్యోగం లేని తల్లికి కోర్టు పిల్లల్ని ఇవ్వదు."

పేరున్న జంట ఏదైనా విడిపోయిందన్న వార్త రాగానే ఇలాంటి మాటలు సోషల్ మీడియాలో, ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. వీటిలో ఏ ఒక్కటీ ఆ రూపంలో చట్టంలో లేదు. ఐదేళ్ల మాటకు మాత్రం చట్టంలో ఒక మూలం ఉంది. అది నోటా నోటా పడి సగమే మిగిలింది.

గందరగోళమంతా ఒకచోటే మొదలవుతుంది. పెళ్లి రద్దు కావడం, పిల్లలు ఎవరి దగ్గర పెరగాలో తేలడం తరచూ ఒకే ఫ్యామిలీ కోర్టులో, ఒకే జడ్జి ముందు, ఒకే రోజు వాయిదాకు వస్తాయి. అందుకే రెండూ ఒకే తగాదా అనిపిస్తాయి. కానీ వాటికి కొలమానాలు వేరు. విడాకుల కేసులో భార్యాభర్తల మధ్య జరిగిపోయినదాన్ని చూస్తారు. కస్టడీ కేసులో పిల్లలకు ఇకముందు ఏది మేలో చూస్తారు. మొదటి కేసులో ఓడినవాళ్లు రెండోదాంట్లో గెలవడం కోర్టుల్లో కొత్తేమీ కాదు.

ఎవరికి ఏ చట్టం వర్తిస్తుంది

మన దేశంలో విడాకులకు అందరికీ కలిపి ఒకే చట్టం లేదు. హిందువులకు, వారితో పాటు బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు 1955 నాటి హిందూ వివాహ చట్టం వర్తిస్తుంది. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం, పార్సీలకు 1936 నాటి చట్టం ఉన్నాయి. ముస్లింలకు షరియత్ వర్తిస్తుంది. ముస్లిం భార్య కోర్టుకు వెళ్లి విడాకులు కోరే కారణాలను 1939 చట్టం చెబుతుంది. మతంతో పని లేకుండా మ్యారేజ్ ఆఫీసర్ ముందు పెళ్లి చేసుకున్నవారికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. గుళ్లో పెళ్లి చేసుకుని తర్వాత రిజిస్ట్రేషన్ చేయించుకున్నంత మాత్రాన ఈ ప్రత్యేక చట్టం కిందికి రారు, చాలామంది అలా అనుకుంటారు గానీ. షెడ్యూల్డ్ తెగలకు, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప, హిందూ వివాహ చట్టం వర్తించదు. అక్కడ వారి ఆచారమే చట్టం.

ఊళ్లలో ఇప్పటికీ నడిచే పద్ధతి ఇంకొకటి ఉంది. పెద్దమనుషుల సమక్షంలో పంచాయితీ పెట్టి, స్టాంపు పేపరు మీద "ఇకపై ఒకరికొకరం సంబంధం లేదు" అని రాసుకుని సంతకాలు చేస్తారు. నోటరీ ముద్ర కూడా పడితే విడాకులు అయిపోయినట్టే అనుకుంటారు. హిందూ వివాహ చట్టం దృష్టిలో ఆ కాగితం విడాకులు కాదు. ఆ కులంలో అలాంటి ఆచారం ఎప్పటినుంచో ఉందని కోర్టులో రుజువు చేయగలిగితేనే, ఆచార విడాకులను కాపాడే సెక్షన్ 29 దానికి అండగా నిలుస్తుంది. రుజువు కాకపోతే మొదటి పెళ్లి నిలిచే ఉంటుంది, ఆ కాగితాన్ని నమ్మి చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు. రెండో పెళ్లిలో పుట్టిన పిల్లలను మాత్రం చట్టం సక్రమ సంతానంగానే చూస్తుంది. ఈ వ్యాసంలో ఇకమీదట ఎక్కువగా హిందూ వివాహ చట్టం గురించే చెబుతాను, తేడాలున్న చోట్ల మిగతా చట్టాలను ప్రస్తావిస్తాను.

ఇద్దరూ ఒప్పుకుంటే: ఆరు నెలల లెక్క

పరస్పర అంగీకార విడాకులు హిందూ వివాహ చట్టంలోకి 1976లో సెక్షన్ 13బిగా వచ్చాయి. షరతులు కొన్నే. కనీసం ఏడాదిగా విడిగా ఉండాలి, కలిసి బతకలేమని ఇద్దరికీ తేలిపోయి ఉండాలి, విడిపోవడానికి ఇద్దరూ ఇష్టపడాలి. విడిగా అంటే రెండు ఇళ్లలోనే ఉండాలని లేదు. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తలుగా జీవించడం లేదంటే సరిపోతుందని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. డిక్రీ, అంటే కోర్టు విడాకుల ఉత్తర్వు, వచ్చేలోపు ఎవరైనా సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చని చెప్పింది కూడా ఆ తీర్పే.

ముందు ఉమ్మడిగా పిటిషన్ వేస్తారు. దాన్ని మొదటి మోషన్ అంటారు. ఆరు నెలలు గడిచాక, 18 నెలలు దాటకుండా, ఇద్దరూ మళ్లీ వచ్చి తమ మాట మారలేదని చెప్పాలి. ఇది రెండో మోషన్. మధ్యలో ఆరు నెలలు ఎందుకంటే మనసు మార్చుకునే అవకాశం ఇవ్వడానికి.

ఒక జంటను ఊహించుకుందాం. 2024 జనవరి నుంచి విడిగా ఉంటున్నారు. 2025 మార్చిలో పిటిషన్ వేశారు. అప్పటికి 14 నెలలైంది కాబట్టి ఏడాది షరతు తీరింది. రెండో మోషన్ 2025 సెప్టెంబరు నుంచి 2026 సెప్టెంబరులోపు వేయాలి. ఇదే జంట కాస్త ఆగి 2025 ఆగస్టులో వచ్చి ఉంటే? అప్పటికి 19 నెలలు. ఈ తేడాకు విలువ ఉంది. ఆరు నెలల నిరీక్షణ తప్పనిసరి కాదని, కోర్టు దాన్ని మాఫీ చేయొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. అయితే మొదటి మోషన్‌కు ముందే ఏడాదికి తోడు ఇంకో ఆరు నెలల ఎడబాటు పూర్తయి ఉండాలి. రాజీ ప్రయత్నాలు విఫలమై ఉండాలి. భరణం, కస్టడీ లాంటివి నిజంగా తేలిపోయి ఉండాలి. కాబట్టి ఆలస్యంగా వచ్చిన జంటే ముందు బయటపడే అవకాశం ఉంది. క్రైస్తవుల విడాకుల చట్టంలో 2001లో చేర్చిన నిబంధన ఏడాదికి బదులు రెండేళ్ల ఎడబాటు అడుగుతుంది.

ఒకరే కోరితే: కారణం చూపాలి

ఇక్కడ దారి పొడుగు. "మాకు పడటం లేదు" అన్నది చట్టంలో కారణం కాదు. సెక్షన్ 13లో ఉన్నవాటిలో ఏదో ఒకటి రుజువు చేయాలి. క్రూరత్వం, వివాహేతర సంబంధం, రెండేళ్లుగా వదిలేసి వెళ్లిపోవడం, మతం మారడం, కలిసి జీవించలేనంత తీవ్రమైన మానసిక వ్యాధి, ఏడేళ్లుగా ఆచూకీ లేకపోవడం వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. కుష్ఠు వ్యాధి కూడా ఒకప్పుడు ఉండేది, 2019లో తీసేశారు. వివాహేతర సంబంధం 2018 తర్వాత నేరం కాదు, విడాకులకు మాత్రం ఇంకా కారణమే. పెళ్లయిన ఏడాదిలోపు, అసాధారణమైన కష్టం ఉంటే తప్ప, పిటిషన్ వేయడానికే వీల్లేదు.

మరి ఎవరి తప్పూ రుజువు కాని, కానీ ప్రాణం లేని పెళ్లి సంగతి? కోలుకోలేనంతగా చెడిన బంధాన్ని విడాకులకు కారణంగా చేర్చాలని చట్టాల్లో మార్పులపై కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషన్ 1978లో ఒకసారి, 2009లో మరోసారి సిఫార్సు చేసింది. 2010లో వచ్చిన బిల్లు 2013లో రాజ్యసభ దాటింది గానీ చట్టం కాలేదు. సమర్థించేవాళ్లు చెప్పేది: తప్పు రుజువు చేయాలన్న షరతే భార్యాభర్తలను ఒకరి మీద ఒకరు బురద చల్లుకునేలా చేస్తోంది. వ్యతిరేకించేవాళ్ల భయం: సొంత ఆదాయం, ఇల్లు లేని భార్యను సులువుగా వదిలించుకునే దారి అవుతుంది, ముందు ఆస్తిలో ఆమె వాటా తేల్చండి. రెండో వాదనలో బలం ఉంది. మన చట్టంలో పెళ్లయ్యాక సంపాదించిన ఆస్తిని భార్యాభర్తలు సగం సగం పంచుకోవాలన్న నియమం లేదు. ప్రస్తుతానికి, చెడిపోయిన బంధాన్ని ఆ ఒక్క కారణంతో తెంచే అధికారం రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు మాత్రమే ఉందని 2023 మే 1న రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఫ్యామిలీ కోర్టుకు ఆ అధికారం లేదు.

ఒక జంట, ఐదు కేసు నంబర్లు

బయటివాళ్లకు అర్థం కాని విషయం ఇది. మన కోర్టుల్లో విడాకుల పిటిషన్‌ను ఓపీ అంటారు. అందులో మధ్యంతర భరణం కోసమో, పిల్లల్ని చూడనివ్వమనో వేసే దరఖాస్తు ఐఏ. విడిగా వేసే భరణం కేసు ఎంసీ. గృహహింస చట్టం కింద మెజిస్ట్రేట్ కోర్టులో వేసేది డీవీసీ. గార్డియన్‌షిప్ కోసం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద వేసేది జీడబ్ల్యూఓపీ. ఇవన్నీ ఒకే ఇంటి గొడవ మీద ఏకకాలంలో నడవొచ్చు. పిల్లల ప్రశ్న కూడా ఒకచోటే తేలాలని లేదు. విడాకుల కేసులోనే హిందూ వివాహ చట్టం సెక్షన్ 26 కింద అడగొచ్చు, విడాకులతో సంబంధం లేకుండా 1890 చట్టం కిందా అడగొచ్చు, గృహహింస కేసులో మెజిస్ట్రేట్ తాత్కాలిక కస్టడీ కూడా ఇవ్వొచ్చు.

ఎక్కడ వేయాలన్నదీ వేరే. విడాకుల పిటిషన్ పెళ్లి జరిగిన చోట, చివరగా కలిసి కాపురం చేసిన చోట, ఎదుటివారు ఉంటున్న చోట వేయొచ్చు. భార్య వేస్తుంటే ఆమె ఉంటున్న ఊళ్లోనూ వేయొచ్చు. 1890 చట్టం కింద వేసే పిటిషన్‌కు మాత్రం పిల్లలు మామూలుగా నివసించే ఊరే లెక్క.

గార్డియన్, కస్టడీ, విజిటేషన్: మూడు వేర్వేరు హక్కులు

పిల్లల తరఫున చట్టపరమైన నిర్ణయాలు తీసుకునే అధికారం గార్డియన్‌ది. ఆస్తి వ్యవహారాలు, బ్యాంకు ఖాతా, పెద్ద చికిత్సలకు సమ్మతి లాంటివి ఇందులోకి వస్తాయి. రోజువారీగా పిల్లలు ఎవరింట్లో తింటారు, పడుకుంటారు, స్కూలుకు వెళ్తారు అన్నది కస్టడీ. కస్టడీ లేని తల్లి లేదా తండ్రి పిల్లల్ని కలిసే హక్కు విజిటేషన్. ఒకరికి కస్టడీ ఇచ్చినంత మాత్రాన రెండోవారు గార్డియన్‌గా తొలగిపోరు.

హిందూ పిల్లలకు సహజ గార్డియన్ తండ్రి, ఆయన తర్వాత తల్లి అని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం అంటుంది. తండ్రి బతికున్నంతకాలం తల్లికి ఏ అధికారమూ లేదని బ్యాంకులు, ఆఫీసులు దీన్ని చదువుకునేవి. రచయిత్రి గీతా హరిహరన్ తన కొడుకు పేరిట రిజర్వ్ బ్యాంకు బాండ్లకు గార్డియన్‌గా దరఖాస్తు చేస్తే తండ్రి సంతకం కావాలన్నారు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. తండ్రి పిల్లల బాగోగులు పట్టించుకోని స్థితిలోనో, దూరంగానో ఉన్నప్పుడు, లేదా ఇద్దరూ అలా ఒప్పుకున్నప్పుడు, ఆయన బతికుండగానే తల్లి గార్డియన్ కావచ్చని 1999లో తీర్పు వచ్చింది. చట్టంలోని వాక్యం మాత్రం అలాగే ఉంది. తల్లిదండ్రులిద్దరినీ సమానంగా గార్డియన్లుగా గుర్తించేలా దాన్ని మార్చాలని లా కమిషన్ 2015లో సిఫార్సు చేసింది.

సహజ గార్డియన్ అయినా సరే, మైనర్ పేరున ఉన్న పొలమో స్థలమో అమ్మాలంటే కోర్టు అనుమతి తీసుకోవాలి. విడాకుల సమయంలో "పిల్లాడి పేరున రాశాను కదా" అని ఒకరు, "నా దగ్గరే ఉన్నాడు కాబట్టి నేను అమ్ముతా" అని ఇంకొకరు అనుకుంటుంటారు. అనుమతి లేకుండా అమ్మితే, పిల్లలు పెద్దయ్యాక ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు.

ఐదేళ్ల నియమం: ఉన్నదెంత, కలిపినదెంత

అదే 1956 చట్టంలో, ఐదేళ్లు నిండని పిల్లల కస్టడీ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని ఉంది. చట్టం అన్నది అంతవరకే. ఐదు నిండగానే తండ్రికి అప్పగించాలని ఎక్కడా లేదు. ఐదు దాటాక ఎవరివైపూ మొగ్గు లేకుండా మేలు అన్న కొలమానం మిగులుతుంది. ఐదులోపు కూడా తల్లికే అన్నది రాతిమీద గీత కాదు. కాకపోతే ఆమె దగ్గర బిడ్డకు మంచి జరగదని చూపించే బాధ్యత తండ్రి మీద పడుతుందని సుప్రీంకోర్టు 2015లో స్పష్టం చేసింది. కొడుకు తండ్రికి, కూతురు తల్లికి అన్నదానికి ఇందులో ఏ ఆధారమూ లేదు.

ముస్లిం పర్సనల్ లాలో, హనఫీ సంప్రదాయం ప్రకారం, కొడుకు ఏడేళ్ల వరకు, కూతురు యుక్తవయసు వచ్చేవరకు తల్లి దగ్గర ఉండాలి. గార్డియన్ మాత్రం తండ్రే. అయితే కేసు 1890 చట్టం కింద కోర్టుకు వచ్చినప్పుడు అక్కడా పిల్లల మేలు చూడకుండా ముందుకు పోరు.

మేలు అంటే కోర్టు ఏం తూకం వేస్తుంది

మేలు అన్నదానికి చట్టంలో కొలతలు లేవు. పిల్లల వయసు, ఆరోగ్యం, చదువు, ఇన్నాళ్లూ ఎవరి దగ్గర పెరిగారు, రోజూ పక్కనుండేది ఎవరు, ఇంట్లో వాతావరణం, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు విడిపోకుండా ఉండటం, తల్లిదండ్రుల ప్రవర్తన ఇవన్నీ కలిపి చూస్తారు. జీతం ఎక్కువ ఉన్నవారికే అన్న లెక్క లేదు, ఎందుకంటే తక్కువ సంపాదించే వారికి కస్టడీ ఇచ్చి, ఎక్కువ సంపాదించే వారిని ఖర్చు భరించమనే వీలు కోర్టుకు ఉంది. మళ్లీ పెళ్లి చేసుకుంటే హక్కు దానంతటదే పోదు. కొత్త ఇంట్లో పిల్లల స్థానం ఏమిటన్నది చూస్తారు.

ఊహకు ఇంకో కుటుంబం. తొమ్మిదేళ్ల పాప. తండ్రి హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగి, నెలకు లక్షన్నర జీతం, ఏడాదిలో సగం రోజులు విదేశీ ప్రాజెక్టుల మీద తిరుగుతాడు. తల్లి గుంటూరులో స్కూలు టీచర్, 35 వేల జీతం. మూడేళ్లుగా పాప తల్లి దగ్గరే ఉండి అక్కడి స్కూల్లో చదువుతోంది, ఇంట్లో అమ్మమ్మ ఉంది. భార్య తనను మానసికంగా హింసించిందని రుజువై, క్రూరత్వం కింద భర్తకు విడాకులు మంజూరయ్యాయి. అంటే మొదటి కేసు ఆయన గెలిచాడు. కస్టడీలో మాత్రం తల్లివైపే ఎక్కువ మొగ్గుంటుంది. భర్తతో ఆమె ప్రవర్తన ఎలా ఉందన్నది పాపమీద ప్రభావం చూపినంత మేరకే ఇక్కడ లెక్కకు వస్తుంది.

ఇప్పుడు వివరాలు కాస్త మారుద్దాం. పాపకు 13 ఏళ్లు. తల్లికి దూరపు ఊరికి బదిలీ అయింది, పాపను అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లింది. తండ్రి ప్రయాణాలు మానేసి ఇంటి నుంచే పని చేస్తున్నాడు, నానమ్మ కూడా తోడుంది. పాప తండ్రి దగ్గరకు వెళ్తానంటోంది. తల్లి చేసిన తప్పేమీ లేదు. అయినా తూకం అటు ఒరిగే అవకాశం ఉంది.

పాప మాటకు ఎంత విలువ? ఆలోచించి ఇష్టం చెప్పగలిగే వయసు వస్తే కోర్టు దాన్ని పరిగణించవచ్చని 1890 చట్టం చెబుతుంది. దానికి ఫలానా వయసని గీత గీయలేదు. చాలామంది జడ్జీలు పిల్లల్ని చాంబర్‌లోకి పిలిచి, తల్లిదండ్రులు లేకుండా మాట్లాడతారు. చెప్పింది పిల్లల మనసులోంచి వచ్చిందా, ఎవరైనా నేర్పి పంపారా అన్నదే అక్కడ కష్టమైన ప్రశ్న. ఒకరి దగ్గరే పెరిగిన పిల్లలు రెండోవారిపై ద్వేషం నింపుకునే పరిస్థితిని సుప్రీంకోర్టు 2017లో ఒక కేసులో లోతుగా చర్చించింది. పసితనం నుంచి తండ్రి దగ్గరే ఉన్న ఆ బాలికను తల్లికి అప్పగించింది. పిల్లల ఇష్టం వింటారు, కానీ తీర్పు వాళ్ల నెత్తిన పెట్టరు.

ఉమ్మడి కస్టడీ మీద రెండు వాదనలు

మామూలుగా వచ్చే ఉత్తర్వు ఎలా ఉంటుందంటే: కస్టడీ ఒకరికి. రెండోవారికి నెలలో రెండు శనివారాలో ఆదివారాలో, పండగ సెలవుల్లో కొన్ని రోజులు, వేసవి సెలవుల్లో సగం, వారానికి కొన్ని వీడియో కాల్స్. తల్లిదండ్రులిద్దరి ప్రేమా పిల్లల హక్కు అని, దూరంగా ఉన్నవారికి ఫోన్, వీడియో కాల్ ద్వారా మాట్లాడే వీలు కల్పించాలని సుప్రీంకోర్టు 2020లో గట్టిగా చెప్పింది. గొడవ ముదిరిన కేసుల్లో కలవడం కోర్టు ఆవరణలోనే జరుగుతుంది. నల్లకోట్ల మధ్య, బెంచీ మీద కూర్చుని గంటసేపు నాన్నతోనో అమ్మతోనో మాట్లాడమంటే ఏ పిల్లలైనా బిగుసుకుపోతారు. ఆ మౌనాన్నే "చూశారా, ఇష్టం లేదు" అని సాక్ష్యంగా చూపించేవాళ్లూ ఉన్నారు.

అందుకే ఉమ్మడి కస్టడీ కావాలన్న డిమాండ్ పెరిగింది. తండ్రుల సంఘాలు ప్రధానంగా అడుగుతున్నాయి. నెలకు రెండు పూటలు కనిపించే తండ్రి పిల్లలకు చుట్టమైపోతాడని వారి వాదన. లా కమిషన్ కూడా 2015లో తన 257వ నివేదికలో ఉమ్మడి కస్టడీని చట్టంలో ఒక మార్గంగా చేర్చాలని, అది పిల్లల మేలుకు తగినప్పుడే ఇవ్వాలని సూచించింది. ఆ చట్టం రాలేదు. అయినా జంటలు ఒప్పందం చేసుకుంటే కోర్టులు ఆమోదిస్తున్నాయి.

అవతలి వాదన మహిళా హక్కుల కోసం పనిచేసేవారి నుంచి వస్తుంది. హింస ఉన్న ఇంటి నుంచి బయటపడిన తల్లి, పిల్లల ప్రతి నిర్ణయానికీ మళ్లీ అదే మనిషితో కూర్చోవాల్సి వస్తుందని, భరణం తగ్గించుకోవడానికే కొందరు సగం కస్టడీ అడుగుతారని వారి అభ్యంతరం. కలవడం వల్ల పిల్లలకు హాని ఉంటుందనుకుంటే మెజిస్ట్రేట్ విజిటేషన్‌ను నిరాకరించవచ్చని గృహహింస చట్టంలోనే ఉంది. నాకు కనిపించేదేమిటంటే, ఉమ్మడి కస్టడీ నడవాలంటే ఇద్దరూ ఒకే ఊళ్లో, స్కూలుకు దగ్గర్లో ఉండాలి, కనీసం మెసేజ్‌లలోనైనా మర్యాదగా మాట్లాడుకోవాలి. ఆ రెండూ ఉన్న జంటకు చట్టం అవసరం పెద్దగా ఉండదు. లేని జంటకు ఉత్తర్వు ఇచ్చినా ప్రతి సెలవుకూ కొత్త ఐఏ పడుతుంది.

భార్య భరణం, పిల్లల ఖర్చు

ఈ రెండింటినీ కలిపి చెప్పుకోవడం అలవాటు. వాటికి ఆధారాలు వేరు. భార్యకో, ఆదాయం లేని భర్తకో హిందూ వివాహ చట్టం కింద మధ్యంతర, శాశ్వత భరణం రావచ్చు. తనను తాను పోషించుకోలేని భార్య, పిల్లలు ఏ మతమైనా పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలోని సెక్షన్ 125 కింద అడిగేవారు, 2024 జులై నుంచి అది, ఆ చట్టం స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 144. విడాకులు పొందిన ముస్లిం మహిళకూ ఈ హక్కు ఉందని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ కేసు తెలంగాణ నుంచి వెళ్లినదే.

ఎంత ఇవ్వాలి? "జీతంలో పావు వంతు" అన్న మాట బాగా తిరుగుతుంది. 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు నికర జీతంలో 25 శాతం సబబన్నది నిజమే, అది అన్ని కేసులకూ సూత్రం కాదు. 2020 నవంబరులో వచ్చిన తీర్పు ప్రకారం ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చూపించాలి, దరఖాస్తు వేసిన తేదీ నుంచే భరణం లెక్కించాలి. పిల్లల చదువు ఖర్చు మామూలుగా తండ్రిది. తల్లి కూడా తగినంత సంపాదిస్తుంటే ఆదాయాన్ని బట్టి పంచవచ్చని అదే తీర్పు చెప్పింది. తండ్రికి 80 వేలు, తల్లికి 40 వేలు వస్తున్నాయనుకుందాం. పిల్లాడి ఫీజు, ట్యూషన్, మందులు, బట్టలు కలిపి నెలకు 24 వేలు అయితే, రెండుకు ఒకటి నిష్పత్తిలో తండ్రి 16 వేలు, తల్లి 8 వేలు.

పరస్పర అంగీకార ఒప్పందాల్లో "పిల్లల కోసం ఇకపై ఏమీ అడగను" అన్న వాక్యం తరచూ కనిపిస్తుంది. తన భరణాన్ని వదులుకునే హక్కు తల్లికి ఉంది. పిల్లల హక్కును వదులుకునే అధికారం ఆమెకు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆ వాక్యం ఉన్నా పిల్లల తరఫున తర్వాత అడగొచ్చు.

ఉత్తర్వు వచ్చాక

విడాకుల డిక్రీకి అప్పీలు గడువు దాటితే అది ఖాయం. కస్టడీ ఉత్తర్వు అలా కాదు, పరిస్థితి మారితే ఎన్నిసార్లయినా మార్చమని అడగొచ్చు. పిల్లలు తల్లిదండ్రుల ఆటవస్తువులు కారంటూ సుప్రీంకోర్టు 1973లోనే ఈ దారి తెరిచింది. పైన చెప్పిన 13 ఏళ్ల పాప కేసు అలా తిరిగి కోర్టుకొచ్చేదే.

"భరణం ఇవ్వలేదు కాబట్టి పిల్లల్ని చూపించను", "పిల్లల్ని చూపించలేదు కాబట్టి డబ్బు పంపను" అన్న బేరం దాదాపు ప్రతి గొడవలోనూ వస్తుంది. రెండూ వేర్వేరు ఉత్తర్వులు, ఒకదాన్ని సాకుగా చూపి రెండోదాన్ని ఆపే వీలు లేదు. భరణం రాకపోతే వసూలు పిటిషన్ ఉంది. విజిటేషన్ జరగకపోతే అమలు పిటిషన్, ధిక్కరణ చర్య ఉన్నాయి, కస్టడీ మార్పుకు కూడా అది కారణం కావచ్చు. పిల్లల్ని అక్రమంగా దాచిపెట్టారంటే వాళ్లను కోర్టు ముందు హాజరుపరచమని అడిగే హెబియస్ కార్పస్ పిటిషన్ హైకోర్టులో వేయొచ్చు. లోతైన విచారణ అవసరమైన వివాదాన్ని మాత్రం హైకోర్టు తిరిగి ఫ్యామిలీ కోర్టుకే పంపుతుంది.

అమెరికా డిక్రీ, ఇండియా కోర్టు

తెలుగు కుటుంబాల్లో ఈ చిక్కు ఎక్కువ. తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక భర్త అమెరికాలోని మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకుని మళ్లీ పెళ్లి చేసుకుంటే, ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని సుప్రీంకోర్టు 1991లో తీర్పిచ్చింది. పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టంలోని కారణం మీద, ఆ చట్టం ఒప్పుకునే కోర్టులో విడాకులు వచ్చి ఉండాలి. లేదంటే ఎదుటివారు స్వచ్ఛందంగా ఆ విదేశీ కోర్టుకు హాజరై వాదించి గానీ, విడాకులకు ఒప్పుకుని గానీ ఉండాలి. నోటీసు పంపితే రాలేదని అక్కడ ఏకపక్షంగా ఇచ్చిన డిక్రీకి ఇక్కడ బలం తక్కువ.

పిల్లల విషయం ఇంకా జటిలం. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తీసుకెళ్లిన పిల్లల్ని తిరిగి పంపడానికి 1980లో కుదిరిన హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. దానివల్ల అక్కడి కోర్టు ఉత్తర్వు ఇక్కడ దానంతటదే అమలు కాదు. 2017లో బ్రిటన్ కోర్టు ఉత్తర్వు ఉన్నా, పాపను తల్లి దగ్గర ఇండియాలోనే ఉండనిచ్చింది సుప్రీంకోర్టు. 2019లో అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లల కేసులో వాళ్లను వెనక్కి పంపమంది. రెండుచోట్లా చూసింది పిల్లల మేలునే. ఇక్కడికొచ్చి ఎన్నాళ్లైంది, ఇక్కడి స్కూలుకు, మనుషులకు ఎంత అలవాటుపడ్డారు, వెనక్కి పంపితే హాని ఏమైనా ఉందా, తీసుకొచ్చిన వెంటనే రెండోవారు కోర్టుకెళ్లారా లేక ఏళ్లు గడిచాక వచ్చారా అన్న వివరాల మీద ఫలితం మారుతుంది. పిల్లలకు అమెరికా పౌరసత్వం ఉండటం ఈ తూకంలో ఒక అంశం, అదొక్కటే కేసును తేల్చదు.